వదిలిన డప్పు, పట్టిన డప్పు: ఒంగోలు ప్రాంతపు తెలుగు సంఘములో తరముల వైఖరులు – ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతము

“ఈ కాలపు పిల్లలకు భయభక్తులు లేవు” అన్న ఫిర్యాదు వినని కాపరి ఉండడు. “మా పెద్దవాళ్ళకు ఎంత చెప్పినా అర్థం కాదు” అన్న ఫిర్యాదు వినని కాపరి కూడ ఉండడు. ఈ రెండింటి మధ్య నిలబడి సంఘమును నడిపించవలసినవాడు కాపరియే. అయితే ఈ తగవును మనము సాధారణముగా స్వభావములకు సంబంధించినదిగా చూస్తాము. పెద్దలది మొండితనమనీ, యౌవనస్థులది దుడుకుతనమనీ తీర్పు చెప్పి, ఇరువురికీ ఓర్పును గూర్చి ఒక ప్రసంగము చేసి ఊరుకుంటాము. ఆ వైఖరుల వెనుక ఏ చరిత్ర ఉన్నదో అడగము.

ఈ వ్యాసములో మేము ఒకే ఒక్క వస్తువును తీసుకొని, దాని చుట్టూ ఒక ప్రాంతపు సంఘములో తరముల వైఖరులు ఎలా మారినవో పరిశీలింపదలచాము. ఆ ప్రాంతము ఒంగోలు. ఆ వస్తువు డప్పు. క్రిస్మసు ఊరేగింపులోనో, కోత పండుగలోనో డప్పు వాయిద్దామని యౌవనస్థులు అడిగినప్పుడు, సంఘములోని వృద్ధుల ముఖములు మారిపోవుట మనలో అనేకులు చూచినదే. “దాన్ని వదిలించుకోవడానికే కదా మా తాతలు యేసును నమ్ముకున్నది” అని వారంటారు. “మన డప్పును మనమే సిగ్గుపడి దాచుకోవాలా?” అని పిల్లలంటారు. ఎవరి మాట నిజము? చరిత్రను బట్టి చూస్తే ఇద్దరి మాటా నిజమే అని మా అభిప్రాయము. అది ఎలాగో చూపుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

ఇక్కడ ‘తరము’ అను మాటను తండ్రి, కుమారుడు, మనుమడు అన్న లెక్కలో వాడుట లేదు. కార్ల్ మన్‌హైమ్ అను సమాజ శాస్త్రవేత్త 1928లో తరములను గూర్చి వ్రాసిన వ్యాసములో, ఒకే కాలమున పుట్టినంత మాత్రమున జనులు ఒక తరము కారనీ, యౌవనములో ఒకే పెద్ద అనుభవమును పంచుకొన్నప్పుడు ఒక తరమగుదురనీ వాదించాడు. ఆ అర్థములోనే మేము ఒంగోలు ప్రాంతపు సంఘ చరిత్రను నాలుగు తరములుగా విభజించాము.

1. మొదటి తరము: విడిచిపెట్టినవారు

అమెరికన్ బాప్టిస్టు మిషను తరపున శామ్యూల్ డే 1836లో తెలుగు దేశమునకు వచ్చి, 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. తరువాతి పాతికేళ్ళలో ఫలితము చాల స్వల్పము. 1866లో జాన్ ఎవరెట్ క్లౌ ఒంగోలుకు వచ్చాడు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘము ఎనిమిది మంది సభ్యులతో ఏర్పడింది.

అప్పటికే కనిగిరి ప్రాంతములోని తాళ్ళకొండపాడుకు చెందిన ఎర్రగుంట్ల పేరయ్య అను మాదిగ పెద్ద 1866లో బాప్తిస్మము పొంది ఉన్నాడు. ఈయన చరిత్రలో మనము తరచుగా మరచే సంగతి ఒకటి ఉన్నది. పేరయ్య క్రీస్తును ఎరుగక మునుపే రాజయోగ బోధను అనుసరించి, విగ్రహములను విడిచి, ఒక్కడే దేవుని వెదకినవాడు. ఎమ్మా రాషెన్‌బుష్ క్లౌ 1899లో ప్రచురించిన గ్రంథములో ఆ ప్రాంతపు మాదిగలలో ఇట్టి గురుశిష్య పరంపరలు ఉండినట్లు వివరముగా వ్రాసింది. కనుక మొదటి తరమువారు ఆలోచన లేక అన్యుల మాటకు లొంగినవారు కారు. వారు ముందే వెదకుచుండినవారు.

ఆ ఆరంభ దినములలోనే, మాదిగలను చేర్చుకొంటే తాము రామని అగ్రవర్ణములకు చెందిన కొందరు జిజ్ఞాసువులు క్లౌకు తెలియజేశారు. క్లౌ, ఆయన భార్య వేర్వేరుగా ప్రార్థించి బైబిలు తెరువగా, ఇద్దరికీ 1 కొరింథీ 1:26–29 వచనములే ఎదురైనవని ఆయన తన జ్ఞాపకములలో చెప్పాడు. సంఘము ద్వారము ఎవరి ముందు మూయబడరాదో ఆ దినమున తేలిపోయింది.

క్లౌ కొత్త విశ్వాసుల ముందు మూడు సులభమైన కట్టడలు ఉంచాడు. ఆదివారము పని చేయరాదు. చచ్చిన పశువు మాంసము తినరాదు. విగ్రహములకు మ్రొక్కరాదు. వీటిని మనము నేడు వ్యక్తిగత పరిశుద్ధతకు సంబంధించిన నియమములుగా చదువుతాము. ఆనాటి పల్లెలో వాటి అర్థము అంతకన్న చాల పెద్దది.

ఆనాటి ఊరి కట్టుబాటులో మాదిగవాడి స్థానము ఏమిటి? చెప్పులు కుట్టాలి. బావుల మోటకు తోలు బొక్కెనలు, వారులు సమకూర్చాలి. ఊరిలో పశువు చస్తే మోసుకొనిపోవాలి. జాతరలో, చావులో, ఊరి చాటింపులో డప్పు కొట్టాలి. ఇందుకు ప్రతిఫలముగా కళ్ళములో మేర గింజలు, చచ్చిన పశువు మాంసము దక్కేవి. అంటే ఆ మాంసము ఆహారము మాత్రమే కాదు, అది కూలి. డప్పు వాద్యము మాత్రమే కాదు, అది వెట్టి. ఆదివారము సెలవు దినము మాత్రమే కాదు, ఎప్పుడు పిలిచినా రావలసిన మనిషి “ఈ రోజు రాను” అని చెప్పగలిగిన మొదటి రోజు.

కనుక మూడు కట్టడలను అంగీకరించిన మాదిగ కుటుంబము ఒకేసారి ఊరి కూలినీ, ఊరి దేవతనూ, ఊరి ఆజ్ఞనూ కాదన్నట్లయింది. పోలేరమ్మ, అంకమ్మ జాతరలకు డప్పు కొట్టము అన్నప్పుడు ఊరి పెద్దలకు కోపము వచ్చినది విగ్రహారాధన విషయములో వేదాంత భేదము వలన కాదు. పిలిస్తే పలకవలసినవాడు పలకలేదు కనుక. ఫలితముగా హింసలు వచ్చాయి. ఊరి కరణము, మునసబుల అధికారము వారికి విరోధముగా నిలిచింది. పని నిలిపివేయబడింది, బాటలు మూయబడ్డాయి, అబద్ధపు నేరములు మోపబడ్డాయి.

తరువాత 1876–78 మహా కరవు వచ్చింది. క్లౌ బకింగ్‌హామ్ కాలువలో సుమారు మూడున్నర మైళ్ళ తవ్వకపు పనిని గుత్తకు తీసుకొని, ఆకలితో ఉన్న ప్రజలకు పని కల్పించాడు. తెలుగు బోధకులే అక్కడ మేస్త్రీలుగా ఉండి, పని విరామములో సువార్త చెప్పారు. ఆ సహాయ కాలములో బాప్తిస్మములు నిలిపివేయబడినవి. అన్నము కొరకు మతము మారారన్న నింద వేయువారు ఈ సంగతిని గమనించరు. సహాయపు పని ముగిసిన తరువాతనే, 1878 జూలైలో, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద మూడు దినములలో వరుసగా 614, 2,222, 700 మంది, మొత్తము 3,536 మంది బాప్తిస్మము పొందారు. జూలై 3న 2,222 మందికి బాప్తిస్మము ఇచ్చినవారు ఆరుగురు బోధకులు. ఒకేసారి ఇద్దరిద్దరు చొప్పున నీటిలో నిలిచి ఈ పరిచర్య చేశారు.

మన వాదమునకు ముఖ్యమైనది ఇది. నేడు మనము “పితరుల సాంప్రదాయము” అని చెప్పుకొనేది ఆ దినమున తిరుగుబాటు. డప్పు దించినవారి తల్లిదండ్రులు వారిని ఎలా చూచి ఉంటారు? అమ్మవారికి కోపము వస్తుందనీ, మేర పోతుందనీ, ఇల్లు మీద పడుతుందనీ భయపడి ఉంటారు. మొదటి తరము తన కాలమునకు పెద్దల మాట వినని తరమే. ఈ సంగతి మరచినప్పుడే మన పెద్దలు పిల్లలపై తీర్పు తీర్చుట సులభమవుతుంది.

2. రెండవ తరము: బడి, కీర్తన, తెల్లబట్ట

విడిచిపెట్టిన చోట ఏదో ఒకటి పెట్టవలసి ఉంటుంది. రెండవ తరము ఆ ఖాళీని బడితో నింపింది. పల్లె బడులు, బోర్డింగు పాఠశాలలు, ఉపాధ్యాయ శిక్షణ, 1872లో రామాయపట్నంలో ప్రారంభమైన వేదాంత పాఠశాల – ఇవన్నీ కలిసి ఒక కొత్త మనిషిని తయారు చేశాయి. ఆయనే పల్లె ఉపాధ్యాయుడు, ఆయనే ఉపదేశి. తండ్రి చేతిలో తోలు, కుమారుని చేతిలో పలక. ఒకే జీవితకాలములో ఇంత దూరము నడిచిన ప్రజలు తెలుగు దేశములో అరుదు.

ఆరాధనలో కూడ ఈ మార్పు వినిపించింది. పురుషోత్తమ చౌదరి (1803–1890) మొదలగువారు రాగ తాళములతో రచించిన కీర్తనలు అన్ని మిషనుల సంఘములకూ చేరినవి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకములో కీర్తన పైన రాగము, తాళము పేర్కొనుట మనకు అలవాటైనదే. అప్పటివరకు కచేరీ వాకిట నిలబడి వినుటకైనను అర్హత లేదన్న సంగీతపు బాణీ, పల్లెలోని పూరింటి ప్రార్థన మందిరములో మాదిగ స్త్రీల నోట పలికింది. దీనిని “బ్రాహ్మణ సంగీతమును అనుకరించుట” అని కొట్టివేయుట తొందరపాటు. నిషేధింపబడిన దానిని చేజిక్కించుకొనుట కూడ ఒక విధమైన విమోచనయే. హార్మోనియము పక్కన తబలా వచ్చింది, కంజిర, తాళములు వచ్చినవి. డప్పు మాత్రము గుమ్మము బయటే ఉండిపోయింది.

ఒంగోలుకు వెలుపల కూడ ఇదే కాలములో ఇట్టి ప్రశ్నలు లేచినవి. 1912లో భారతీయులలో మొదటి ఆంగ్లికన్ బిషప్పుగా అభిషేకింపబడిన వి.ఎస్. అజరయ్య పరిచర్య చేసిన దోర్నకల్ అధ్యక్ష మండలములో అధికులు మాల, మాదిగ విశ్వాసులే. 1939లో ప్రతిష్ఠింపబడిన దోర్నకల్ కెతీడ్రల్ నిర్మాణములో ఈ దేశపు గుడి, మసీదు శిల్ప రీతులు కలిసి కనిపిస్తాయి. అంటే “మన సంస్కృతి సంఘములోనికి రావచ్చునా?” అన్న ప్రశ్నకు ఆయన కాలము రావచ్చుననే జవాబు చెప్పింది. అయితే రాతికి దొరికిన ప్రవేశము తోలుకు దొరకలేదు. రాతి స్తంభమును చూచి ఎవరికీ వెట్టి జ్ఞాపకము రాదు. డప్పు చప్పుడు వింటే వస్తుంది.

రెండవ తరమువారికి గౌరవము అంటే శుభ్రత, చదువు, తెల్లబట్ట, బైబిలు పేరు. ఈ గౌరవమును చులకన చేయుటకు మనకు హక్కు లేదు. దాని వెల వారు చెల్లించారు, దాని ఫలము మనము తింటున్నాము.

3. మూడవ తరము: రెండు పేర్లవారు

వినుకొండలో 1895లో పుట్టిన గుర్రం జాషువ క్రైస్తవ కుటుంబమునకు చెందినవాడు. తండ్రి యాదవుడు, తల్లి మాదిగ. 1941లో వెలువడిన ఆయన ‘గబ్బిలం’లో కథానాయకుడు అరుంధతీ సుతుడైన పేదవాడు. తన గోడును కాశీ విశ్వేశ్వరునికి చెప్పమని గబ్బిలమును పంపుతాడు. ఆ కావ్యమును మన వేదాంత విద్యార్థులు తప్పక చదవాలి. ఎందుకంటే బడి, పద్యము, కీర్తి అన్నీ సంపాదించిన తరువాత కూడ అంటరానితనము తీరలేదని చెప్పిన గొంతు అది. రెండవ తరము నమ్మిన మార్గము చివర ఎదురైన గోడను మూడవ తరము చూచింది.

ఆ గోడకు 1950లో చట్టరూపము కూడ వచ్చింది. ఆ సంవత్సరపు రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము హిందువులు కానివారు షెడ్యూల్డు కులములవారిగా పరిగణింపబడరు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఈ నియమము సడలింపబడింది. క్రైస్తవులకు సడలింపబడలేదు. మన రాష్ట్రములో దళిత క్రైస్తవులను వెనుకబడిన తరగతులలో ‘సి’ వర్గముగా ఉంచారు. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషను ఈ మత నిబంధనను తీసివేయవలెనని సిఫారసు చేసింది. 2022లో ఈ విషయమును పరిశీలించుటకు జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన మరొక కమిషను నియమింపబడింది.

ఈ చట్టపు ఫలితము కోర్టులలోకన్న ఎక్కువగా ఇండ్లలో కనబడింది. సంఘ రిజిష్టరులో ఒక పేరు, సర్టిఫికెట్టులో ఒక పేరు. ఆదివారము ఒక గుర్తింపు, సోమవారము ఒక గుర్తింపు. మూడవ తరము నేర్చుకొన్న వైఖరి మౌనము. కులము మాట ఎత్తరాదు, పిల్లలకు చెప్పరాదు, మందిరములో అసలే పలుకరాదు. ఈ మౌనమును కపటము అనుట తేలిక. కాని ఒక తండ్రి తన పిల్లల చదువు కొరకు మోసిన బరువుగా దానిని చూడగలిగినప్పుడే మనము న్యాయముగా మాట్లాడినవారమవుతాము. అయినను ఆ మౌనము వలన ఒక నష్టము జరిగింది. తాతలు డప్పు ఎందుకు దించారో మనుమలకు ఎవరూ చెప్పలేదు. ‘వద్దు’ అన్న మాట మిగిలింది, దాని కారణము మిగులలేదు.

4. నాలుగవ తరము: తిరిగి పట్టినవారు

1985 జూలై 17న, అప్పటి ప్రకాశం జిల్లాలోని కారంచేడులో ఊరి భూస్వామ్య కులమువారి దాడిలో ఆరుగురు మాదిగలు చంపబడ్డారు. చనిపోయినవారిలో బైబిలు పేర్లు ధరించినవారు ఉన్నారు. తెల్లబట్ట, చదువు, బైబిలు పేరు రక్షణ కలిగిస్తాయన్న నమ్మకము ఆ దినమున చెదిరిపోయింది. బాధితులు చీరాలకు చేరి శిబిరములో ఉండగా, ఆ పోరాటములోనుండి బొజ్జా తారకం, కత్తి పద్మారావుల నాయకత్వములో దళిత మహాసభ పుట్టింది. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో మరల దళితులు చంపబడ్డారు.

1994 జూలై 7న ప్రకాశం జిల్లాలోని ఈదుమూడి గ్రామములో మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి ప్రారంభమైంది. ప్రజలు దానిని ‘దండోరా’ అని పిలిచారు. ఏ చాటింపును పూర్వము ఊరి ఆజ్ఞ మేరకు మాదిగవాడు వేసేవాడో, ఆ చాటింపు పేరే ఉద్యమము పేరయింది. డప్పు ఊరేగింపుల ముందు నడిచింది. యువకులు తమ పేర్ల చివర ‘మాదిగ’ అని బహిరంగముగా చేర్చుకొన్నారు. ఆ ఉద్యమము కోరిన వర్గీకరణ చట్టమును 2004లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనము రాష్ట్రములు వర్గీకరణ చేయవచ్చునని తీర్పు ఇచ్చింది. ఈ కోరికపై మన సంఘములలో మాలలు, మాదిగల మధ్య ఎంత నొప్పి కలిగినదో కాపరులకు తెలుసు. దాని మంచి చెడులు ఈ వ్యాసపు పరిధిలోనివి కావు. మేము గమనింపదలచినది ఒకటే: క్లౌ పరిచర్య చేసిన ఒంగోలు ప్రాంతములోనే, గుండ్లకమ్మ బాప్తిస్మములు జరిగిన 116 ఏండ్లకు, దించిన డప్పు తిరిగి భుజమునకు ఎక్కింది.

వేదాంతములో కూడ ఇదే కాలమున మార్పు వచ్చింది. 1980ల ఆరంభము నుండి అరవింద్ పి. నిర్మల్ మొదలగువారు దళిత వేదాంతమునకు పునాది వేశారు. సత్యనాథన్ క్లార్క్ 1998లో ప్రచురించిన గ్రంథములో తమిళనాడులోని పరయ ప్రజల డప్పును క్రీస్తును గూర్చి మాట్లాడుటకు ఒక సంకేతముగా తీసుకొన్నాడు. అక్షరము నిరాకరింపబడిన ప్రజలు దేవునితో మాట్లాడిన భాష డప్పు అని ఆయన ఆలోచన.

ఇక్కడ మొదటి, నాలుగవ తరములను పక్కపక్కన పెట్టి చూడుము. ఒకరు డప్పు దించారు, ఒకరు ఎత్తారు. ఒకరు పాత పేరు మార్చుకొన్నారు, ఒకరు దాచిన పేరును బయట పెట్టారు. పైకి ఇవి విరుద్ధములు. అయితే ఇద్దరూ జవాబు చెప్పిన ప్రశ్న ఒక్కటే: ఈ చేతులు ఎవరి ఆజ్ఞకు కదలాలి? “నీవు పిలిస్తే కొట్టను” అని మొదటి తరము అన్నది. “నేను కొట్టదలిస్తే నీవు ఆపలేవు” అని నాలుగవ తరము అంటున్నది. రెండు మాటలలోనూ వినబడేది విడుదల పొందిన మనిషి గొంతే.

5. వాక్యపు వెలుగులో

ఒకే గుర్తును రెండు గుంపులు రెండు విధములుగా చదువుట లేఖనములకు కొత్త కాదు. యెహోషువ 22వ అధ్యాయములో యొర్దాను అవతలి గోత్రములవారు ఒక గొప్ప బలిపీఠము కట్టారు. తక్కినవారు అది దేవునిపై తిరుగుబాటు అని తలంచి యుద్ధమునకు కూడుకొన్నారు. అయితే మొదట ఫీనెహాసును, పదిమంది ప్రధానులను పంపి అడిగారు. జవాబు విన్నప్పుడు తెలిసినది ఏమనగా, ఆ బలిపీఠము బలుల కొరకు కాదు. రేపు మీ పిల్లలు మా పిల్లలను పరాయివారనకుండునట్లు, రాబోవు తరముల మధ్య సాక్షిగా కట్టినది. అడుగుట వలన యుద్ధము తప్పింది. మన సంఘ కమిటీలలో సాధారణముగా లేనిది ఆ అడిగే మెట్టే.

గుర్తుల అర్థము కాలముతో మారునని కూడ లేఖనము చూపుతున్నది. అరణ్యములో ప్రాణము కాపాడిన ఇత్తడి సర్పమును (సంఖ్యా 21) తరువాతి కాలములో ప్రజలు ధూపము వేసి పూజించగా హిజ్కియా పగులగొట్టించాడు (2 రాజులు 18:4). మోషే చేసినదీ, హిజ్కియా చేసినదీ దేవుని దృష్టికి మంచిదే. వస్తువు ఒక్కటే, కాలములు వేరు.

పౌలు 1 కొరింథీ 8–10 అధ్యాయములలో విగ్రహములకు అర్పించిన మాంసమును గూర్చి వ్రాసినది మన ప్రశ్నకు అతి దగ్గరది. మాంసములో ఏమియు లేదు. అంగడిలో కొన్న దానిని విచారింపక తినవచ్చును. అయితే దయ్యముల బల్ల యొద్ద కూర్చుండుట వేరు. బలహీనుడైన సహోదరుని మనస్సాక్షిని గాయపరచుట వేరు. ఈ లెక్కన డప్పులోని కర్రకు, తోలుకు, చిర్రకు, సిటికెన పుల్లకు పాపము లేదు. జాతరలో ఊరి ఆజ్ఞకు కొట్టుట పౌలు చెప్పిన బల్ల వంటిది. స్వేచ్ఛగా దేవుని స్తుతించుట అంగడి మాంసము వంటిది. అయితే డప్పు చప్పుడు వినగానే తన తండ్రి పడిన అవమానము గుర్తుకు వచ్చి కన్నీరు పెట్టే వృద్ధురాలు పౌలు చెప్పిన సహోదరియే. ఆమె మనస్సాక్షిని త్రొక్కి వాయించిన డప్పు స్తుతి కాదు.

మరొక సంగతి వేదాంత విద్యార్థుల దృష్టికి తేదలచాము. ఎర్ర సముద్రము దాటిన తరువాత మిర్యాము చేత పట్టిన వాద్యమును (నిర్గమ 15:20) మన తెలుగు బైబిలు ‘తంబుర’ అన్నది. తంబుర అనగానే మన ప్రజల మనస్సులో మెదలేది తంతి వాద్యము. కాని హెబ్రీ మూలములోని ‘తోఫ్’ తంతి వాద్యము కాదు. గుండ్రని చట్రమునకు తోలు బిగించి చేతితో కొట్టే వాద్యము. దానికి మన ప్రాంతములో అతి దగ్గరి బంధువు ఏదో చెప్పనవసరము లేదు. 149, 150 కీర్తనలలో దేవుని స్తుతించుటకు పిలువబడినది కూడ అదే. దాసత్వపు ఇంటినుండి బయటికి వచ్చిన ప్రజల మొదటి ఆరాధనలో మ్రోగినది తోలు వాద్యమని మన పెద్దలకు తెలిస్తే, వారి భయము కొంత తీరవచ్చును.

6. కాపరి చేయవలసినది

మొదటిది, తీర్మానము చేయకముందు చరిత్ర చెప్పించాలి. సంఘములోని వృద్ధులను పిలిచి, “మీ తాతలు ఏమి విడిచారు? అందుకు ఏమి పోగొట్టుకొన్నారు?” అని యౌవనస్థుల చేతనే అడిగించాలి. తరువాత యౌవనస్థులను, “మీరు దేనిని తిరిగి పట్టుకొంటున్నారు? ఎందుకు?” అని పెద్దల చేత అడిగించాలి. పాత బాప్తిస్మపు రిజిష్టరులలో పూర్వపు పేరు, కొత్త పేరు పక్కపక్కన వ్రాయబడి ఉంటే అదియే ఒక పాఠ్యపుస్తకము. అవి చెదలు తినకముందే నకలు తీయించుట వేదాంత పాఠశాలల విద్యార్థులు చేయదగిన పరిశోధన.

రెండవది, డప్పును ఆదర్శముగా చూపువారిని కూడ ప్రశ్నించాలి. జాతర డప్పుతో ముడిపడిన లోకములోనే మాతంగులుగా, బసివిలుగా ఆడపిల్లలను అర్పించు ఆచారము ఉండినది. మన రాష్ట్రములో దానిని నిషేధిస్తూ 1988లో చట్టము చేయవలసి వచ్చింది. మొదటి తరము దేవతను విడిచినప్పుడు అనేకుల కుమార్తెలు ఆ గతినుండి తప్పించుకొన్నారు. సంస్కృతి అంతా మనదే అని కౌగిలించుకొనేవారు ఆ కుమార్తెలను మరువరాదు.

మూడవది, పెద్దలను కూడ ఒక మాట అడగాలి. నేడు మన మందిరములలో కీబోర్డు, విదేశీ డ్రమ్ములు పెద్ద చర్చ లేకుండ ప్రవేశించినవి. అవి డప్పుకన్న నెమ్మదిగా మ్రోగుతాయా? లేదు. మరి వాటికి లేని అడ్డు డప్పుకు ఎందుకు? అభ్యంతరము విగ్రహారాధనను గూర్చినదైతే అది గౌరవింపదగినది. “ఊరివారు మనల్ని చూచి ఏమనుకొంటారో” అన్నదైతే, అది ఊరి చూపును మనము ఇంకా మోస్తున్నామనుటకు గుర్తు.

నాలుగవది, అతి ముఖ్యమైనది. మందిరములో డప్పును ఎవరు పట్టుకొంటారు? ఒక కులపు పిల్లలే పట్టుకొని, తక్కినవారు చప్పట్లు కొట్టి చూస్తే, ఊరి కట్టుబాటు పక్క ద్వారమున సంఘములోనికి వచ్చినట్లే. మాల, మాదిగ, బి.సి., రెడ్డి, కమ్మ విశ్వాసుల పిల్లలు, ఆడపిల్లలతో సహా, దానిని నేర్చుకొని వాయించినప్పుడు మాత్రమే అది సంఘపు వాద్యమవుతుంది. అప్పటివరకు వేచియుండుట తప్పు కాదు.

ముగింపు

ప్రతి తరము తన ముందున్న తరమునుండి ఒక జవాబును వారసత్వముగా పొందుతుంది. ఆ జవాబుకు కారణమైన ప్రశ్నను పొందకపోతే జవాబు ఆచారముగా గడ్డకడుతుంది. న్యాయాధిపతులు 2:10లో చెప్పబడిన తరము యెహోవాను ఎరుగనిదైనది. ఆయన చేసిన కార్యమును కూడ ఎరుగనిదైనది. ఆ కార్యమును తండ్రులు చెప్పకపోతే కుమారులు ఎలా ఎరుగుదురు? ఒంగోలు ప్రాంతపు సంఘములో దేవుడు చేసిన కార్యము 2,222 అన్న సంఖ్యలో మాత్రమే లేదు. పిలిచిన ప్రతిసారీ పలుకవలసిన మనుష్యులకు “రాను” అని చెప్పే ధైర్యము ఇచ్చుటలో ఉన్నది. ఆ ధైర్యపు కథను పెద్దలు చెప్పి, పిల్లలు విన్నప్పుడు, డప్పు ఉండవలెనా వద్దా అన్నది ఆ సంఘము తానే ప్రార్థించి నిర్ణయించుకొనగలదు. వాయించినా, మానినా, అది భయము వలన కాక విడుదల వలన జరుగునట్లు చూచుట కాపరి బాధ్యత.